నీటి కప్పకు గాజుతొట్టి

తొలకరి వానలు కురిసి యాదగిరిగుట్ట చుట్టుపట్ల కుంటలు నిండగానే కప్పల బెకబెకలు వినవచ్చును. ఎండకాలమంతయు కంటికి కనబడని ఈ జీవులు ఒక్క రాత్రిలో ఎక్కడనుండి వచ్చినవని పిల్లలు పెద్దలను అడుగుదురు. "చెరువు నిండితే కప్పలు చేరవా" అను సామెత ఇట్టి దృశ్యమును చూచి పుట్టినదే. వానలు వెనుకబడిన యేట తెలంగాణ పల్లెలలో కప్పతల్లి ఆట ఆడుట కలదు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను గుడ్డలో కట్టి వ్రేలాడదీసి ఇంటింటికి తిరుగుదురు. ఇల్లాండ్రు దానిపై నీరు పోయుదురు. వానకును కప్పకును గల సంబంధము మన పల్లెలకు తెలియని విషయము కాదు.

అయితే మనము చూచు కప్పలన్నియు నీటిని ఒకే విధముగా ఆశ్రయించి బ్రతుకునవి కావు. గోదురుకప్ప గ్రుడ్లు పెట్టుటకు మాత్రమే నీటిలో దిగును. మిగిలిన కాలము రాళ్ళ సందులలోను, దొడ్డిలోని కుండల చాటునను గడపును. చెట్టు కప్ప స్నానపు గదుల గోడలనెక్కి కూర్చుండును. పెద్ద నీటి కప్ప చెరువు గట్టుననుండి పొలములోనికిని, పొలమునుండి చెరువులోనికిని తిరుగుచుండును. బావులలోను, గుట్ట దిగువన గల గండిచెరువు వంటి చెరువులలోను ఒక చిన్న కప్ప నీటి మట్టముపై కన్నులు మాత్రము పైకి పెట్టి తేలుచుండును. బెదిరించినచో అది నీటిపై విసరిన పెంకువలె గెంతుచు పోవును. నీటికి మిక్కిలి దగ్గరగా బ్రతుకు ఈ చిన్న కప్ప సహితము అవసరమైనప్పుడు గట్టు నెక్కగలదు.

గట్టు ఎక్కవలసిన పనియే లేకుండ, పుట్టినది మొదలు చచ్చువరకు నీటిలోనే గడపు కప్ప ఒకటి ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున కలదు. నేడు ప్రపంచమునందలి అనేక దేశములలో ఇండ్లలోని గాజుతొట్లలో పెంచబడుచున్నది ఇదియే. కప్పను తొట్టిలో పెట్టుట సులభము. అచ్చట దానిని ఆరోగ్యముగా ఉంచుటయే కష్టము. ఆ విద్యను మానవుడు వినోదము కొరకు నేర్చుకొనలేదు. వైద్యుని బల్లపై ఒక స్త్రీ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలసి వచ్చి నేర్చుకొనెను. ఆ చరిత్రను తెలిసికొన్నచో తొట్టిలోని నీరు, ఆహారము, వేడిమి ఇవన్నియు ఏల ముఖ్యములో తేటపడును.

వింత పాదముల జంతువు

1802వ సంవత్సరమున ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా దోదాన్ ఈ జంతువును మొదట వర్ణించి, దానిని గోదురుకప్పల ప్రజాతియగు బ్యూఫోలో చేర్చెను. గోదురుకప్ప చర్మము గరుకుగా ఉండును. దీని చర్మము నున్నగా ఉండుటచే, నున్ననిది అను అర్థమిచ్చు లీవిస్ అను పదమును దాని పేరుగా ఉంచెను. 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు వాగ్లర్ దీనికి జెనోపస్ అను క్రొత్త ప్రజాతిని ఏర్పరచెను. గ్రీకు భాషలో ఆ మాటకు వింత పాదము అని అర్థము. ఈ కప్పను నీటి గోదురుకప్ప యనియు, గోళ్ళ కప్ప యనియు రెండు విధములుగ పిలుచుటకు కారణము ఈ చరిత్రయే. ఈ వ్యాసమున దీనిని గోళ్ళ కప్ప యనియే పిలుతము.

దీని వెనుక కాళ్ళ వ్రేళ్ళ మధ్య వెడల్పయిన పొర యుండును. ప్రతి వెనుక పాదమునందును లోపలి మూడు వ్రేళ్ళకు నల్లని గోళ్ళు ఉండును. ముందరి కాళ్ళ వ్రేళ్ళకు పొర యుండదు. వానితోనే ఇది ఆహారమును నోటిలోనికి త్రోసికొనును. ఇతర కప్పలవలె నాలుకను చాచి పురుగును పట్టలేదు. ఏలయనగా దీనికి నాలుకయే లేదు. కదలెడు కనురెప్పలు లేవు. కన్నులు తల పైభాగమున ఆకాశమును చూచుచుండును. దేహమునకు ఇరుప్రక్కల కుట్లు వేసినట్లు చిన్న గీతలు కనబడును. ఇవి చేపలకు గల పార్శ్వరేఖ వంటి అవయవములు. బురద నీటిలో కన్ను పనిచేయనప్పుడు నీటి కదలికను ఈ గీతలే కనిపెట్టును.

ఇన్ని విధముల నీటికి తగినట్లు మారినను, ఈ కప్పకు చేపవలె మొప్పలు లేవు. పెరిగిన కప్ప ఊపిరితిత్తులతోనే ముఖ్యముగా శ్వాసించును. కొంత ప్రాణవాయువును చర్మము ద్వారా గ్రహించును. కావున అది మాటిమాటికి నీటి పైకి వచ్చి గాలి పీల్చవలెను. నీటిలో నివసించును, గాలిని పీల్చును: ఈ రెండు సంగతులను కలిపి గుర్తుంచుకొన్నచో తొట్టిని ఎట్లు అమర్చవలెనో సగము తెలిసినట్లే.

కేప్ టౌన్ ప్రయోగములు

ఈ కప్పకు లోక ప్రసిద్ధి తెచ్చినవాడు ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు లాన్స్‌లాట్ హాగ్బెన్. ఇతడు 1927లో కేప్ టౌన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. అచ్చటి కుంటలలో విరివిగా దొరకు గోళ్ళ కప్ప అతని దృష్టి నాకర్షించెను. నల్లని తొట్టిలో నుంచిన కప్ప నలుపెక్కెను. తెల్లని తొట్టిలో నుంచినది పాలిపోయెను. మెదడు క్రింద నుండు పీయూష గ్రంథియే ఈ రంగుల మార్పునకు మూలమని హాగ్బెన్ పరిశోధనలవలన తేలెను. పీయూష గ్రంథి స్రవించు రసములు రక్తములో కలిసి, దూరముననున్న అవయవములను శాసించునను విషయము ఆ కాలమున శరీర శాస్త్రమునందు క్రొత్తగా తెలియవచ్చుచుండెను.

ఈ పరిశోధనలలో మరియొక ఫలితము బయటపడెను. పీయూష గ్రంథిని తీసివేసిన ఆడకప్ప అండాశయము క్షీణించెను. ఎద్దు పీయూష గ్రంథి సారమును సూదిమందుగా ఇచ్చినచో ఆడకప్ప గ్రుడ్లు విడిచెను. క్షీరదమునందలి హార్మోను కప్ప దేహముననూ పనిచేయుచున్నదని దీనివలన స్పష్టమైనది. 1930లో హాగ్బెన్ లండనుకు మరలిపోవునప్పుడు ఈ కప్పలపై ఆసక్తియు అతనితో లండనుకు వెళ్ళెను.

కుందేలుకు బదులు కప్ప

గర్భము నిలిచినదో లేదో తొలి వారములలోనే తెలిసికొనుట వైద్యులకు చిరకాలముగా కష్టముగ నుండెను. 1920వ దశాబ్ది చివర బెర్లిన్ నగరమున ఆష్‌హైమ్, జోండెక్ అను వైద్యులు ఒక పరీక్షను కనుగొనిరి. గర్భిణి మూత్రమును పిల్ల చుంచులకు ఎక్కించి, నాలుగైదు దినములైన పిమ్మట వానిని చంపి, అండాశయములను పరీక్షించుట ఆ పద్ధతి. 1931లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ కుందేలును ఉపయోగించి ఫలితమును రెండు దినములలో తెలిసికొనెను. రెండు పద్ధతులలోను జంతువు దేహమును కోసి చూడవలసియే యుండెను.

హాగ్బెన్ కనుగొనిన విషయము ఇచ్చట ఉపయోగపడెను. 1933, 1934 సంవత్సరములలో కేప్ టౌన్‌లో షపిరో, జ్వారెన్‌స్టైన్ అనువారును, లండనులో బెల్లర్బీయును గోళ్ళ కప్పతో గర్భ పరీక్ష చేయవచ్చునని ప్రకటించిరి. స్త్రీ మూత్రమునుండి తీసిన సారమును ఆడకప్ప వీపు చర్మము క్రింద ఎక్కించి, దానిని నీరు గల పాత్రలో విడిచెదరు. గర్భము నిలిచియున్నచో మరునాటి ఉదయమునకు పాత్ర అడుగున కంటికి స్పష్టముగ కనబడు గ్రుడ్లు ఉండును. దేనినీ కోయవలసిన పని లేదు. ఆ కప్పకు కొన్ని వారముల విశ్రాంతి నిచ్చి మరల వినియోగించవచ్చును. ఎడింబరో నగరమున ఫ్రాన్సిస్ క్రూ నాయకత్వమున గర్భ నిర్ధారణ కేంద్రము నడచుచుండెను. 1930వ దశాబ్ది చివర అచ్చట ఈ కప్పలు ప్రవేశించెను. 1938లో ఎడ్వర్డ్ ఎల్కన్ అను వైద్యుడు తన పరీక్షల ఫలితములను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించెను.

అనంతరము గోళ్ళ కప్పలు కేప్ ప్రాంతమునందలి జోంకర్స్‌హోక్ చేపల కేంద్రము వంటి చోట్లనుండి వేలకొలది ఇతర దేశములకు పంపబడెను. 1947లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు గల్లీ మైనినీ మగ గోదురుకప్పతో కొద్ది గంటలలోనే ఫలితము తెలిసికొను పద్ధతిని చూపెను. దీనితో ప్రతి దేశమువారును తమ ఊరి గోదురుకప్పనే ఉపయోగించుటకు వీలు కలిగెను. 1960లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వైడ్, గెమ్‌జెల్ జంతువుతో పనిలేని ప్రతిరక్షక పరీక్షను ప్రకటించిరి. అటుపిమ్మట కప్పల పరీక్ష క్రమముగా మూలపడెను.

బందీయైన కప్ప చెప్పిన పాఠము

ఈ పరీక్ష నమ్మదగినదిగ నుండవలెనన్నచో కప్ప ఆరోగ్యముగ నుండవలెను. ఇది చూచుటకు చిన్న మాట. కాని సంగతి అంతయు ఇందే కలదు. కేప్ టౌన్ పరిశోధకులు ఒక వింతను గమనించిరి. కుంటనుండి తెచ్చిన కప్ప తొట్టిలో ఈదుచుండును, గాలి పీల్చుచుండును, చూచుటకు బాగుగనే యుండును. కాని కొంత కాలము గడచిన పిమ్మట దానిని కోసి చూచినచో అండాశయము కుంచించుకొని పోయియుండును. రక్తమునందలి సున్నపు పాలును మారియుండును. అట్టి కప్పకు గర్భిణి మూత్రము నెక్కించినను గ్రుడ్లు రావు. అప్పుడు వైద్యుడు ఆ స్త్రీకి "గర్భము లేదు" అని చెప్పును. తప్పు స్త్రీది కాదు, పరీక్షదియు కాదు. అది తొట్టిలోని కప్పకు జరిగిన లోపము.

ఈ క్షీణతకు చెర యే కారణమా, లేక చెరలో దొరకని దేదైన కారణమా అను ప్రశ్న పుట్టెను. వెలుతురు తగ్గుటయా? ఋతువు మారుటయా? ఆహార లోపమా? 1930వ దశాబ్ది మధ్య కాలమున లండనులో అలెగ్జాండర్, బెల్లర్బీ అనువారు దీనిని పరిశీలించిరి. తగినంత ఆహారము ఇచ్చిన కప్పల అండాశయములు చెరలో సహితము క్షీణింపవని వారు చూపిరి. కప్ప చల్లని రక్తము గల జంతువు కావున తిండి లేకున్నను నెలలకొలది బ్రతుకగలదు. బ్రతికియుండుటను చూచి ఆరోగ్యముగ నున్నదని భ్రమపడుటయే పెంచువారి తొలి పొరపాటు. నేటికిని ఇండ్లలో ఈ కప్పలను పెంచువారు గ్రహింపవలసిన మొదటి పాఠమిది.

పెరిగిన కప్పకు వారమునకు రెండు మూడు పర్యాయములు ఆహారమిచ్చిన చాలును. పిల్ల కప్పకు దినదినము ఇవ్వవలెను. వానపాములు, పురుగులు దీనికి ఇష్టమైన ఆహారము. మాంసపు తునకలను మాత్రమే ఇచ్చుచున్నచో ఎముకలకు కావలసిన సున్నము చాలదు. కొందరు ప్రేమతో అతిగా పెట్టుదురు. దానివలన కప్ప లావెక్కుటయే గాక, మిగిలిన ఆహారము నీటిలో కుళ్ళును. తిండి వేసిన కొంత సేపటికి మిగిలిన దానిని తీసివేయుట మంచి అలవాటు. అప్పుడప్పుడు కప్ప తన పై చర్మమును విడిచి, దానిని తానే మ్రింగును. అది రోగము కాదు, సహజమైన పనియే.

నీటి సంగతి

గాజుతొట్టి విద్యకు రెండవ పాఠము రసాయన శాస్త్రమునుండి వచ్చినది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు జంతువులను, నీటి మొక్కలను ఒకే పాత్రలో నుంచి, ఒకదానికి మరియొకటి తోడ్పడునని వివరించెను. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై చేపల గృహము తెరువబడెను. అయితే మొక్కలుంచినంత మాత్రమున నీరు శుభ్రపడదు. జంతువు విసర్జించు వ్యర్థములనుండి అమోనియా పుట్టును. అది విషము. నేలలో కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చుచున్నవని రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున నిరూపించెను. తొట్టిలోని వడపోత పరికరములో జరుగునది ఈ పనియే. పొలములో ఎరువును పైరుకు అందించు సూక్ష్మజీవుల బంధువులే తొట్టిలో కప్పను కాపాడుచున్నవి.

ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో ఒక్క దినమున పెరుగవు. అందులకు కొన్ని వారములు పట్టును. కావున తొట్టి తెచ్చిననాడే కప్పను విడుచుట మంచిది కాదు. నీటినంతటిని ఒక్కసారి పారబోసి, వడపోతలోని దూదిని కొళాయి నీటితో తోమి కడిగినచో ఆ సూక్ష్మజీవులు నశించును. నీటిలో కొంత భాగమును మాత్రమే క్రమముగా మార్చుచుండవలెను.

కొళాయి నీటిలో సూక్ష్మజీవులను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. అది కప్ప చర్మమునకును హాని చేయును. వెడల్పయిన పాత్రలో ఒక దినము నిలువ ఉంచినచో క్లోరిన్ చాల భాగము గాలిలో కలిసిపోవును. క్లోరమిన్ కలిపిన నీటికి ఈ ఉపాయము పనిచేయదు. దానికి విరుగుడు రసాయనము వేయవలెను. మన ఇండ్లలో మరియొక జాగ్రత్త అవసరము. నీరు నిలువజేయుటకు రాగి బిందె మేలైనదని మన నమ్మకము. కప్పలకు, తోకకప్పలకు రాగి విషము. రాగి బిందెలో రాత్రి యంతయు నిలిచిన నీటిని తొట్టిలో పోయరాదు. జింకు పూత పూసిన బకెట్లలోని నీరును ఇట్టిదే.

నల్లగొండ జిల్లా పేరు వినగానే ఫ్లోరైడు గుర్తుకు వచ్చును. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడువరకు యాదగిరిగుట్ట ఆ జిల్లాలోనిదే. అచ్చటి భూగర్భ జలములలోని ఫ్లోరైడు అనేక గ్రామములలో మనుష్యుల పండ్లను, ఎముకలను చెరచినది. దానిని తొలగించుటకు పటికను, సున్నమును వాడు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. నీటిలోని విషపదార్థములు పిండములనెట్లు వికృతము చేయునో పరీక్షించుటకు 1980వ దశాబ్దినుండి గోళ్ళ కప్ప పిండములనే వాడుచున్నారు. ఫ్లోరైడు ఎక్కువైనచో ఈ పిండముల పెరుగుదల దెబ్బతినునని అట్టి ప్రయోగములలో తేలినది. కప్ప నీటిని నోటితో త్రాగదు, చర్మముతో పీల్చుకొనును. కనుక నీటిలో నున్నదంతయు కప్ప దేహములో నున్నట్లే యని భావింపవలెను.

వేడిమి, మూత, నిశ్శబ్దము

గోళ్ళ కప్పకు 16 మొదలు 22 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల నీరు హాయిగ నుండును. తెలంగాణ పీఠభూమిలో వేసవియందు గాలి వేడిమి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును, కుళ్ళు పెరుగును, కప్ప ఆకలి చచ్చి నీరసించును. నీటిని చల్లబరచు ఏర్పాటు లేని యింట ఈ ప్రాంతమున ఈ కప్పను పెంచ బూనుట దానిని బాధించుటయే యగును. ఒక జంతువును పెంచుట తగునా యను ప్రశ్నకు సమాధానము కొన్ని వేళల తగదనియే. ఆ మాట చెప్పగలుగుటయు విజ్ఞానమే.

తొట్టిలో నీరు ఒక అడుగు లోతు ఉన్న చాలును. కప్ప తేలికగా పైకి వచ్చి గాలి పీల్చవలెను గనుక మూతకును నీటికిని మధ్య ఖాళీ ఉండవలెను. మూత గట్టిగా బిగియవలెను. దీని వెనుక కాళ్ళలో బలమెక్కువ. సందు దొరికినచో బయటికి దూకి, నేలపై ఎండిపోయి చచ్చును. మొనలు గల రాళ్ళు చర్మమును చీల్చును. చిన్న గులకలను ఆహారమని మ్రింగును. నోటిలో పట్టనంత పెద్దవగు నున్నని రాళ్ళు, దాగికొనుటకు ఒక మట్టి కుండ పెంకు ఉంచిన మేలు. చిన్న చేపలను తోడుగ విడిచినచో కప్ప వానిని తినివేయును. పార్శ్వరేఖ ద్వారా నీటి అదురును గ్రహించు జంతువు కావున, గాజుపై వ్రేళ్ళతో కొట్టుట దానికి చెవి దగ్గర డప్పు వాయించినట్లుండును. బాగుగ చూచుకొన్నచో ఈ కప్ప 15 ఏండ్లకు పైగా బ్రతుకును. దానిని కొనువారు ఈ సంగతి ముందే ఆలోచించుకొనవలెను.

మురికి నీటిలో మానిన గాయము

కప్పలకు వచ్చు జబ్బులలో పేరుపడినది ఎఱ్ఱకాలు జబ్బు. తొడల లోపలి భాగము, పొట్ట ఎఱ్ఱబారి, కప్ప సోలిపోవును. ఏరోమొనాస్ అను సూక్ష్మజీవి దీనికి తరచుగ కారణము. ఈ సూక్ష్మజీవి సామాన్యమైన నీటిలోనే యుండును. ఆరోగ్యవంతమైన కప్పను ఏమియు చేయదు. ఇరుకైన తొట్టి, కుళ్ళిన నీరు, గాయము, ఆకలి వీనిచే బలహీనపడిన కప్పను పట్టుకొనును. గర్భ పరీక్షలతో ప్రారంభించిన ఎల్కన్ తరువాత ఉభయచరముల వ్యాధులనే పరిశోధనా విషయముగా గ్రహించెను.

ఆరోగ్యవంతమైన కప్పను సూక్ష్మజీవులు ఏల జయింపలేవో 1987లో కొంత తెలిసినది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేయుచున్న మైకేల్ జాస్లాఫ్ గోళ్ళ కప్పలకు శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, తిరిగి తొట్టిలో విడుచుచుండెను. తొట్టి నీరు సూక్ష్మజీవులతో నిండియున్నది. అయినను గాయములు చీము పట్టక మానుచుండెను. అతడు కారణమును వెదకి, కప్ప చర్మమునుండి సూక్ష్మజీవులను చంపు చిన్న ప్రోటీన్ పదార్థములను వేరుచేసెను. హీబ్రూ భాషలో డాలు అను అర్థము గల మాటనుండి వానికి మగైనిన్లు అని పేరు పెట్టెను. కప్ప చర్మముపై జిగురుగ తగులునది అసహ్యపదార్థము కాదు. అది దాని కవచము. పొడి చేతులతో కప్పను పట్టి రుద్దుట ఆ కవచమును తుడిచివేయుటయే.

చేతుల శుభ్రత మనకును అవసరము. 2008 మొదలు 2011 వరకు అమెరికాలో, గోళ్ళ కప్పకు బంధువులగు పొట్టి నీటి కప్పల తొట్లనుండి సాల్మొనెల్లా సూక్ష్మజీవి వ్యాపించి, అనేకమంది పిల్లలకు అతిసార వ్యాధి కలిగెను. తొట్టి ముట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టి నీటిని వంటింటి తొట్టిలో పారబోయరాదు.

ఒక కణమునుండి సంపూర్ణ జీవి

గర్భ పరీక్షల కొరకు దేశదేశములకు చేరిన కప్పలు పిండశాస్త్రజ్ఞులకు వరమయ్యెను. హార్మోను నిచ్చి ఏడాది పొడుగునను గ్రుడ్లు పొందగలుగుట ఇతర కప్పలతో సాధ్యము కాదు. 1956లో డచ్చి శాస్త్రజ్ఞులు న్యూకూప్, ఫేబర్ ఈ కప్ప పెరుగుదలను దశదశగా వర్ణించు గ్రంథమును ప్రకటించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ గర్డన్ తోకకప్ప ప్రేగు కణమునుండి కేంద్రకమును తీసి, కేంద్రకము నశింపజేసిన గ్రుడ్డులో ప్రవేశపెట్టెను. ఆ గ్రుడ్లలో కొన్ని తోకకప్పలుగ పెరిగెను. 1962లో ప్రచురితమైన ఈ ఫలితమునకు 2012లో నోబెల్ బహుమానము లభించెను. 1992లో ఈ కప్పలు అంతరిక్ష నౌకలో ప్రయాణము చేసెను. అచ్చట ఫలదీకరణమైన గ్రుడ్లు తోకకప్పలుగ మారెను. 2016లో దీని జన్యుపటలము పూర్తిగా చదువబడెను.

తొట్టి దాటిన కప్ప

గర్భ పరీక్షలు మూలపడగా అనేక చోట్ల మిగిలిన కప్పలు బయటికి విడువబడెను. ఇండ్లలో పెంచి విసిగినవారు కొందరు సమీపపు కుంటలలో వదలిరి. కాలిఫోర్నియా, వేల్సు, చిలీ, ఫ్రాన్సు, సిసిలీ, పోర్చుగల్ ప్రాంతములలో ఈ కప్పలు కాపురము పెట్టెను. తిండికి వెనుదీయని ఈ జంతువు అచ్చటి పురుగులను, చేపపిల్లలను, తోకకప్పలను తిని పెరిగినది. ఒకసారి స్థిరపడిన పిదప దానిని తొలగించుట మిక్కిలి ప్రయాసకరము.

దీనికంటె గొప్ప ప్రమాదము కంటికి కనబడనిది. 1999లో వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలలో చనిపోయిన కప్పల చర్మమునుండి లాంగ్‌కోర్, ఆమె సహచరులు ఒక క్రొత్త శిలీంధ్రమును గుర్తించి వర్ణించిరి. దానిని కైట్రిడ్ శిలీంధ్రమందురు. అది కప్ప చర్మములో పెరిగి, నీరు, లవణముల రాకపోకలను చెరచును. కడకు గుండె ఆగును. గోళ్ళ కప్పకు మాత్రము ఇది సోకినను సాధారణముగ జబ్బు కనబడదు. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ప్రదర్శనశాలలో భద్రపరచిన 1938 నాటి గోళ్ళ కప్ప చర్మమున ఈ శిలీంధ్రము కనబడెను. దానినిబట్టి ఈ కప్పల ఎగుమతితోనే వ్యాధి ప్రపంచమంతట ప్రాకినదని భావించిరి. 2018లో జన్యు పరిశోధనలు దాని మూలస్థానము తూర్పు ఆసియా యని సూచించెను. మూలమేదైనను, ఉభయచరముల వ్యాపారము దీనిని దేశదేశములకు చేరవేసినదనుటలో సందేహము లేదు. ఈ శిలీంధ్రమువలన 500కు పైగా జాతులు తగ్గిపోయినవనియు, వానిలో 90 జాతులు అంతరించినట్లు తోచుచున్నదనియు 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

భారతదేశమున ఈ శిలీంధ్రము పశ్చిమ కనుమలలోని కప్పలలో నున్నదని 2011లో ప్రకటింపబడెను. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన శాస్త్రజ్ఞులు ఇతర దేశములవారితో కలిసి, దీనిని కనిపెట్టుటకు నూతన పరీక్షను 2023లో ప్రచురించిరి. ఒకప్పుడు కప్పతో మనుష్యునికి పరీక్ష చేసినారు. నేడు కప్పకే పరీక్ష చేయవలసి వచ్చినది.

పాఠశాలలు చేయదగినది

మన దేశమున కప్పల విషయమున కొన్ని మంచి నిర్ణయములు జరిగినవి. వానిని వేలాది టన్నుల కాళ్ళ కొరకు చంపి విదేశములకు పంపు వ్యాపారము 1987లో నిషేధింపబడినది. కళాశాలలలో కప్పలను కోయు అభ్యాసమును తగ్గింపుడని విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘము 2011లో సూచించి, 2014లో పూర్తిగా మానుడని ఆదేశించినది. పొలములో పురుగులను తిను కప్ప రైతుకు జీతము లేని కాపరి యని పాఠశాలలలో చెప్పుట కలదు. ఆ కాపరి పని చేయవలసిన చోటు చెరువే.

కావున ఉపాధ్యాయులు తొట్టి కొనుటకు ముందు విద్యార్థులను తొలకరి దినములలో కుంట గట్టునకు తీసికొనిపోవుట మేలు. ఏ కప్ప ఏ కూత కూయుచున్నది, గ్రుడ్లు నురుగులోనున్నవా, దారమువలె నున్నవా, పలకవలె తేలుచున్నవా, తోకకప్పకు ముందు ఏ కాళ్ళు వచ్చినవి అని వ్రాసికొన్నచో ఒక వానకాలమునకు చాలినంత పాఠము లభించును. వానిని పట్టకయే చూడవచ్చును.

ఇప్పటికే ఇంట నీటి కప్పలను పెంచుచున్నవారు ఒక నియమమును తప్పక పాటింపవలెను. విసుగు పుట్టినను, వేసవి వచ్చినను, తొట్టి పగిలినను, ఆ కప్పను గండిచెరువులో గాని, మరి యే బావిలో గాని విడువరాదు. తొట్టి నీటిని బ్లీచింగు పొడి కలిపి కొంత సేపు నిలిపిన తరువాతనే, చెరువుకు పోవు కాలువ కాని చోట పారబోయవలెను. తొట్టిలోని కప్ప ఆరోగ్యమును, చెరువులోని కప్ప ఆరోగ్యమును వేరువేరుగ చూచుట సాధ్యము కాదని ఈ నూరేండ్ల చరిత్ర చెప్పుచున్నది.